తాళంకప్పా, ఆకుపచ్చ సిరా

మొన్నో ఆదివారం పొద్దున్నే మా నాన్నగారు తెనాలి నుంచి ఫోన్ చేశారు. కంప్యూటర్లో ఏదో బిల్లు కడదామని కూర్చున్నారట. తెర మీద ఎర్ర గుర్తేసి "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అని వచ్చిందట. నేను అప్పుడే నిద్ర లేచానేమో, కళ్ళు కూడా సరిగ్గా తెరవకుండానే "ఏం కాదు నాన్నా, కింద అడ్వాన్స్‌డ్ అని ఉంటుంది, అది నొక్కి ప్రొసీడ్ కొట్టెయ్యండి" అనేశాను.

అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన అడిగింది ఇదీ: "ఏం కానిదానికి అంత ఎర్రగా ఎందుకు రాశార్రా?"

నా దగ్గర జవాబు లేదు. అంటే ఉంది కానీ ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు. "సరే, ఇప్పుడు కట్టకండి, నేను చూస్తా" అని పెట్టేశాను. తీరా చూస్తే ఆ సైటు వాళ్ళ సర్టిఫికెట్ గడువు రెండ్రోజుల క్రితమే అయిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. సోమవారం సాయంత్రానికి సరిచేశారు. నాన్నగారు బిల్లు కట్టేశారు. అక్కడితో అయిపోవాల్సిన సంగతే. కానీ ఆయన ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పొద్దస్తమానం సర్వర్లతో కుస్తీ పట్టే నేను, కన్నతండ్రికి ఇచ్చిన సలహా "కళ్ళు మూసుకుని నొక్కెయ్" అనా? జవాబు సరిగ్గా చెప్పాలంటే ఓ యాభయ్యేళ్ళ చరిత్ర చెప్పాలి. అందుకే ఈ టపా. తెలిసినవాళ్ళు మన్నించాలి, మనలో తెలుసనుకునేవాళ్ళే ఎక్కువని నా అనుమానం (నాతో కలిపి).

మామూలు హెచ్‌టీటీపీ అంటే పోస్టుకార్డు. మీ ల్యాప్‌టాపు నుంచి అవతలి సర్వరు దాకా దారిలో ఉన్న ప్రతివాడూ, అంటే కాఫీ హోటలు వైఫై వాడు, కేబులు వాడు, టెలికాం కంపెనీ వాడు, అది చదవచ్చు. చదవడమే కాదు, ఖాళీ జాగాలో తనకి తోచింది రాయచ్చు కూడా. ఇది ఊహ కాదు. 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామర్ ఒకాయన తన సైటు పేజీల్లో తను రాయని జావాస్క్రిప్టు ముక్క కనపడుతోందేమిటా అని తవ్వితే, దాన్ని దూరుస్తున్నది తన మొబైల్ నెట్‌వర్కే అని తేలింది. ఆ కోడుని బయటపెట్టినందుకు, దాన్ని తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ నుంచి ఆయనకే లీగల్ నోటీసు వచ్చింది. దొంగని పట్టిచ్చినవాడి మీదే కేసన్నమాట.

సరే, పోస్టుకార్డు బదులు కవరులో పెట్టి తాళం వేద్దాం అనుకుందాం. పాతకాలం పద్ధతిలో పంపేవాడికీ, అందుకునేవాడికీ ఒకే తాళంచెవి ఉండాలి. మరి ఆ తాళంచెవిని ముందుగా ఎలా పంపాలి? రాజులకైతే నమ్మిన బంట్లు ఉంటారు, సైన్యాలకి దూతలు ఉంటారు. ఎన్నడూ మొహం చూడని కొట్టువాడితో బేరం పెట్టుకునే మామూలు మనిషికి ఎవరున్నారు?

1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ఈ ముడి విప్పే దారి చూపించారు. మరుసటేడు ఎంఐటీలో రివెస్ట్, షమీర్, ఏడెల్‌మన్ అనే ముగ్గురు దాన్ని ఆచరణలో పెట్టే లెక్క కనిపెట్టారు. మనం ఆర్ఎస్ఏ అని బట్టీ పట్టింది అదే. (బ్రిటిష్ గూఢచారి సంస్థలో క్లిఫర్డ్ కాక్స్ అనే ఆయన ఇలాంటి లెక్కే 1973లో చేశాడు, కానీ 1997 దాకా ఆ సంగతి బయటికి రానివ్వలేదు. పాపం!) స్థూలంగా ఆలోచన ఇదీ: నేను తెరిచి ఉన్న తాళంకప్పలు ఊరంతా పంచిపెడతాను, తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉంచుకుంటాను. నాకు ఉత్తరం రాయాలనుకున్నవాడు పెట్టెలో పెట్టి, నా తాళంకప్ప నొక్కి పంపిస్తాడు. నొక్కడం ఎవడైనా నొక్కచ్చు, తీయడం మాత్రం నా ఒక్కడివల్లే అవుతుంది.

అద్భుతం కదా? ఒక్కటే చిక్కు. మీ చేతికొచ్చిన తాళంకప్ప నాదేనని మీకెలా తెలుసు? మధ్యలో ఎవడో నాది దాచేసి, తన తాళంకప్ప మీకిస్తే? మీరు పంపిన పెట్టె వాడు తీసి చదువుకుని, తిరిగి నా తాళంకప్ప వేసి నాకు పంపుతాడు. మీకూ తెలీదు, నాకూ తెలీదు. లెక్క ఎక్కడా తప్పలేదు, కానీ కొంప మునిగింది.

ఈ చిక్కుకి మందు చెప్పినవాడు ఎవరనుకున్నారు? ఒక బీటెక్ కుర్రాడు! 1978లో ఎంఐటీలో లోరెన్ కాన్‌ఫెల్డర్ అనే విద్యార్థి తన డిగ్రీ ప్రాజెక్టు రిపోర్టులో ఒక మాట రాశాడు. అందరి తాళాలూ ఉండే పెద్ద డైరెక్టరీ ఒకటి పెట్టి ప్రతిసారీ దాన్ని అడిగే బదులు, నమ్మకస్తుడైన ఒక మనిషి "ఈ తాళం ఫలానా వాడిదే" అని రాసి సంతకం పెట్టిన చీటీ ఇస్తే చాలు కదా అన్నాడు. ఆ చీటీకి అతను పెట్టిన పేరే సర్టిఫికెట్. నా ఫైనలియర్ ప్రాజెక్టు గురించి మాత్రం అడక్కండి, అమీర్‌పేటలో జిరాక్సు తీసినవాడికే దాని చరిత్ర తెలుసు :)

నమ్మకస్తుడి సంతకం అనగానే నాకు మా నాన్నగారే గుర్తొస్తారు. ఆయన గెజిటెడ్ హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. అడ్మిషన్ల రోజులొస్తే మా అరుగు మీద జాతరే. మార్కుల లిస్టులు, కుల ధ్రువపత్రాలు, టీసీలు, అన్నిటి జిరాక్సు కాపీల మీద ఆకుపచ్చ సిరాతో సంతకం, కింద రబ్బరు స్టాంపు. ఎవరొచ్చినా మొదటి మాట ఒకటే: "ఒరిజినల్ ఏదమ్మా?" తేలేదంటే వెనక్కి పంపేసేవారు. ఒకసారి మా మేనమామ కొడుకునే పంపేశారు, అమ్మ రెండ్రోజులు ఆయనతో మాట్లాడలేదు. స్టాంపు మాత్రం బీరువాలో పెట్టి తాళం. మాకు ఆడుకోడానికి కూడా ఇచ్చేవారు కాదు.

ఇంటర్నెట్టులో ఈ గెజిటెడ్ ఆఫీసర్ల పేరు సర్టిఫికెట్ అథారిటీలు. మీరు బ్యాంకు సైటుకి వెళ్తే, అది తన తాళంకప్పతోపాటు "ఇది ఈ డొమైనుదే" అని అథారిటీ సంతకం చేసిన చీటీ చూపిస్తుంది. ఏయే అథారిటీల సంతకాలు చెల్లుతాయో మీ బ్రౌజరులో ముందే జాబితా ఉంటుంది. వంద పైచిలుకు రూట్ సర్టిఫికెట్లు. వాటిలో ఒక్కటీ మీరు ఎంచుకున్నది కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఈ ఏర్పాటు మామూలు జనం దాకా వచ్చింది నెట్‌స్కేప్ చలవవల్ల. వెబ్బులో వ్యాపారం జరగాలంటే క్రెడిట్ కార్డు నెంబరు పోస్టుకార్డు మీద రాయలేం కదా. ఎస్ఎస్ఎల్ అని వాళ్ళు తయారుచేసినదాని మొదటి వెర్షను లోపాలవల్ల అసలు బయటికే రాలేదు. రెండోది 1995లో వచ్చింది, దాన్లోనూ బొక్కలే. మూడోది 1996లో వచ్చి నిలబడింది. అప్పట్లో అక్కడ ముఖ్య శాస్త్రవేత్త తాహెర్ ఎల్‌గమాల్ అనే ఈజిప్టు ఆయన. 1999లో దానికే టీఎల్ఎస్ అని పేరు మార్చి ప్రమాణం చేశారు, మనం ఇంకా అలవాటుకొద్దీ ఎస్ఎస్ఎల్ అనే అంటుంటాం.

ఆ రోజుల్లో ఇంకో తమాషా ఉండేది. గట్టి గూఢలిపిని అమెరికా ఆయుధాల లెక్కలో కట్టేది. అందుకని బయటి దేశాలకి పంపే బ్రౌజరులో 40 బిట్ల తాళం మాత్రమే. 1995 ఆగస్టులో ఫ్రాన్సులో డామియన్ డోలిజే అనే పరిశోధకుడు సుమారు 120 వర్క్‌స్టేషన్లూ, కొన్ని పెద్ద కంప్యూటర్లూ కలిపి ఎనిమిది రోజుల్లో దాన్ని పగలగొట్టి చూపించాడు. మరుసటి నెలలోనే బర్క్లీ విద్యార్థులు ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అసలు తాళంతో పనే లేదన్నారు. నెట్‌స్కేప్ యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించేది గడియారం టైమూ, ప్రాసెస్ నెంబర్లూ చూసి! అవి ఊహిస్తే చాలు, అమెరికాలో వాడే 128 బిట్ల తాళమైనా నిమిషాల్లో ఊడుతుంది. గణితంలో తప్పు లేదు. తప్పంతా మనలాంటివాడు రాసిన నాలుగు లైన్ల కోడులో. ఈ చరిత్ర పొడుగునా ఇదే వరస, గమనించండి.

1995లోనే ఆర్ఎస్ఏ కంపెనీ నుంచి విడిపోయి వెరిసైన్ పుట్టింది. సంతకం అమ్ముకునే వ్యాపారం ఎంత లాభసాటిదంటే, దక్షిణాఫ్రికాలో మార్క్ షటిల్‌వర్త్ అనే కుర్రాడు పెట్టిన థాట్ అనే కంపెనీని వెరిసైన్ 1999 డిసెంబరులో 57.5 కోట్ల డాలర్ల విలువకి కొనేసింది. ఆయన ఆ డబ్బుతో 2002లో అంతరిక్షానికి వెళ్ళొచ్చాడు, 2004లో ఉబుంటు మొదలుపెట్టాడు. సంతోషమే. కానీ సర్టిఫికెట్ ఏటేటా డబ్బు పోసి కొనాల్సిన సరుకు అవడంతో, చిన్న సైట్లవాళ్ళు దాని జోలికే పోలేదు. పెద్దవాళ్ళు కూడా లాగిన్ పేజీకి మాత్రం తాళం వేసి, లోపలికి రాగానే తీసేసేవాళ్ళు. వీధి తలుపు వేసి పెరటి తలుపు తీసిపెట్టినట్టు.

ఆ పెరటి తలుపు సంగతి 2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామర్ అందరి కళ్ళకీ కట్టాడు. ఫైర్‌షీప్ అని ఫైర్‌ఫాక్సుకి ఓ చిన్న ఎక్స్‌టెన్షన్ వదిలాడు. కాఫీ హోటల్లో కూర్చుని ఒక బటన్ నొక్కితే, పక్క బల్లల వాళ్ళ ఫేస్‌బుక్ ఖాతాలు ఫొటోలతో సహా వరసగా కనపడేవి. ఎవరి బొమ్మ మీద నొక్కితే వాళ్ళలాగా లోపలికి వెళ్ళిపోవచ్చు. సంవత్సరాలుగా తెలిసిన లోపమే, కానీ బటన్ రూపంలో వచ్చేదాకా ఎవరికీ చీమ కుట్టలేదు. జీమెయిల్ ఆ ఏడాది జనవరిలోనే అందరికీ తాళం వేసింది, ఫేస్‌బుక్ 2011లో ఐచ్ఛికంగా మొదలుపెట్టి 2013 నాటికి అందరికీ ఇచ్చింది.

ఇప్పుడు నేను అసలు చెప్పాలనుకున్న ముచ్చటకి వస్తున్నా. నెదర్లాండ్స్‌లో డిజినోటార్ అని ఒక అథారిటీ ఉండేది. అంటే మన లెక్కలో ఓ గెజిటెడ్ ఆఫీసరు. ఆ దేశ ప్రభుత్వ సైట్లకి కూడా సంతకాలు చేసేది. 2011 జూన్‌లో ఎవడో దాని సర్వర్లలోకి దూరాడు. తర్వాత విచారణ చేసిన ఫాక్స్-ఐటీ రిపోర్టు చదివితే మన ఆఫీసు గుర్తొచ్చి భయమేస్తుంది. సర్టిఫికెట్ సర్వర్లన్నీ ఒకే విండోస్ డొమైనులో ఉన్నాయి, పాస్‌వర్డు తేలిగ్గా కనుక్కోగలిగేది, వెబ్ సర్వర్ల మీద సాఫ్టువేరు పాతది, యాంటీవైరస్ లేదు. వాడు మొత్తం 531 దొంగ సర్టిఫికెట్లు పుట్టించాడు. జులై 10న తీసుకున్న ఒకటి గూగుల్ డొమైన్లన్నిటికీ చెల్లేది.

డిజినోటార్ జులై 19న దొంగతనం కనిపెట్టింది. దొరికిన కొన్నిటిని రద్దు చేసింది. ఆ తర్వాత ఏం చేసింది? ఎవరికీ చెప్పకుండా ఊరుకుంది. పరువు పోతుందని కాబోలు.

ఆ గూగుల్ సర్టిఫికెట్ తేలింది ఇరాన్‌లో. అక్కడి జనం జీమెయిల్ తెరిస్తే మధ్యలో ఎవరో కూర్చుని వాళ్ళ ఉత్తరాలు చదువుతున్నారు. బ్రౌజరులో తాళం బొమ్మ మాత్రం ప్రశాంతంగా కనపడుతూనే ఉంది. ఎందుకుండదు? సంతకం అసలుదే, స్టాంపు అసలుదే! ఒక్క క్రోమ్ తప్ప. గూగుల్ తన సొంత సైట్లకి ఏయే అథారిటీల సంతకాలు ఉండాలో ఆ ఏడాదే క్రోమ్ కోడులో రాసిపెట్టింది. అందువల్ల అది మాత్రం ఎర్రతెర వేసింది.

ఆగస్టు 28న ఇరాన్‌లో ఒక మామూలు వాడకందారు ఆ హెచ్చరిక చూశాడు. చూసి, దాటేసి పోలేదు. జీమెయిల్ సహాయ విభాగంలో "ఇలా వస్తోంది, ఎవరైనా మధ్యలో దూరారా?" అని అడిగాడు. అంతే! డొంకంతా కదిలింది. మర్నాడే సర్టిఫికెట్ రద్దయింది. వరసగా బ్రౌజర్లన్నీ డిజినోటార్ పేరు కొట్టేశాయి. సెప్టెంబరు 3 అర్ధరాత్రి దాటాక డచ్చి హోంమంత్రి టీవీలో కూర్చుని, ప్రభుత్వ సైట్ల భద్రతకి హామీ ఇవ్వలేమని చెప్పాల్సి వచ్చింది. అదే నెల 20న డిజినోటార్ దివాలా తీసింది. ఈలోగా ఆ దొంగ సర్టిఫికెట్ చూపించబడ్డ ఐపీ అడ్రసులు సుమారు 3 లక్షలు, అందులో 99 శాతానికి పైగా ఇరాన్‌వే. ఉత్తరంలో రాసిన మాటకి జైలు పడే దేశంలో 3 లక్షలు!

కోట్ల డాలర్ల పరిశ్రమ, ఆడిటర్ల రిపోర్టులు, గొప్ప గొప్ప గణితం.. వీటిలో ఏదీ దాన్ని పట్టుకోలేదు. పట్టుకున్నవి రెండే. ఒక మొండి ఎర్రతెర, దాన్ని చూసి "ఎందుకు?" అని అడిగిన ఒక మనిషి. మా నాన్నగారి ప్రశ్న నాకు ఎందుకు గుచ్చుకుందో ఇప్పుడర్థమైందా?

"అదెక్కడో యూరప్‌లో" అనుకునేవాళ్ళ కోసం మన ఇంటి సంగతి కూడా. 2014 జులై 2న గూగుల్ కొన్ని దొంగ గూగుల్ సర్టిఫికెట్లు కనిపెట్టింది. సంతకం ఎవరిది? మన నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్‌ది, అదే ఎన్ఐసీది. దానికి పైన భరోసా మన కేంద్ర ప్రభుత్వపు సీసీఏది, దాన్ని అప్పట్లో విండోస్ నమ్మేది. మర్నాడే సీసీఏ ఎన్ఐసీ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్లు రద్దు చేసింది. ఎన్ఐసీ జారీ వ్యవస్థలోకి చొరబాటు జరిగిందనీ, తప్పుగా జారీ అయినవి నాలుగేననీ చెప్పింది. ఆ నాలుగులో లేనివి కూడా తమకి కనపడ్డాయని గూగుల్ అంది. చివరికి సీసీఏ సంతకం క్రోమ్‌లో జీఓవీ డాట్ ఇన్, ఎన్ఐసీ డాట్ ఇన్ లాంటి ఏడు డొమైన్ల కింద మాత్రమే చెల్లేలా కట్టడి చేశారు. ఫైర్‌ఫాక్సు జాబితాలో సీసీఏ అసలు లేదు కాబట్టి దానికి దెబ్బ తగల్లేదు.

వీటన్నిటి నుంచి నేర్చుకున్న పాఠం ఒకటుంది. ఆఫీసరు మంచివాడని నమ్మి ఊరుకోకూడదు, ఆయన పెట్టిన ప్రతి సంతకం ఊరి చావడిలో గోడ మీద రాయాలి. గూగుల్‌లో బెన్ లారీ, ఆడమ్ లాంగ్లీ ఈ ఆలోచనని 2013లో సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ అనే ప్రమాణంగా రాశారు. రాయడమే తప్ప చెరపడం కుదరని బహిరంగ చిట్టా అది. 2018 ఏప్రిల్ 30 తర్వాత జారీ అయిన ప్రతి సర్టిఫికెట్టూ ఆ చిట్టాల్లో ఉండాలని క్రోమ్ పట్టుబట్టింది. అంతకుముందే అది పనిచేసి చూపించింది కూడా. వెరిసైన్ సర్టిఫికెట్ వ్యాపారం కొనుక్కున్న సిమాంటెక్, 2015 సెప్టెంబరులో థాట్ పేరు మీద గూగుల్‌కి తెలియకుండా గూగుల్ సర్టిఫికెట్ పుట్టించింది. పరీక్ష కోసమే అంది. చిట్టాలో దొరికిపోయింది. తీగ లాగితే ఇంకా చాలా బయటపడ్డాయి. 2018 అక్టోబరులో క్రోమ్ ఆ పాత సర్టిఫికెట్లన్నిటినీ నమ్మడం మానేసింది. ఒకప్పుడు ప్రపంచంలో అతిపెద్ద గెజిటెడ్ ఆఫీసరు గతి అది!

మిగిలింది డబ్బు సమస్య. 2013లో స్నోడెన్ బయటపెట్టిన పత్రాలతో, ప్రభుత్వాలు ఏ స్థాయిలో తీగల మీద చెవి పెట్టి వింటున్నాయో లోకానికి తెలిసింది. పేద సైటుకైనా తాళం ఉండాలన్న పట్టుదల పెరిగింది. మొజిల్లాలో పనిచేసే జాష్ ఆస్, ఎరిక్ రెస్కోర్లా, ఈఎఫ్ఎఫ్ నుంచి పీటర్ ఎకర్స్‌లీ, మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి అలెక్స్ హాల్డర్‌మన్ అంతకుముందే మొదలుపెట్టిన పని 2014 నవంబరులో లెట్స్ ఎన్‌క్రిప్ట్ పేరుతో ప్రకటించారు. 2015 సెప్టెంబరులో మొదటి సర్టిఫికెట్, డిసెంబరు నుంచి అందరికీ ఉచితం. మనిషి ప్రమేయం లేదు. "డొమైన్ నీదేనా? అయితే నేను చెప్పిన ఫైలు అక్కడ పెట్టి చూపించు" అంటుంది. చూపిస్తే సంతకం. అదే దాని "ఒరిజినల్ ఏదమ్మా?" 2020 ఫిబ్రవరికి వంద కోట్ల సర్టిఫికెట్లు దాటింది. 2017 జూన్‌లో ప్రపంచంలో తెరిచే పేజీల్లో 58 శాతం తాళం వేసినవైతే, 2020 నాటికి 81 శాతం.

ఇక నా పాపం కూడా చెప్పుకుంటే కడుపుబ్బరం తగ్గుతుంది. మొదటి ఉద్యోగంలో, మా కస్టమర్ల వివరాలు వేరే కంపెనీకి పంపే ఓ చిన్న సర్వీసు రాశాను. టెస్ట్ సర్వరుకి సరైన సర్టిఫికెట్ లేదు, ప్రతిసారీ ఎర్రర్. గడువు దగ్గర పడుతోంది. నెట్టులో వెతికితే మొదటి జవాబే దొరికింది, వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్. ఎర్రర్ మాయం! అది అలాగే ప్రొడక్షన్‌కి పోయింది. ఎనిమిది నెలల తర్వాత ఓ సీనియర్ చూసి, తిట్టకుండా, "ఇది ఎవరితో మాట్లాడుతోందో నీకు తెలుసా?" అని మాత్రం అడిగాడు. ఆ ఎనిమిది నెలల్లో మధ్యలో ఎవరైనా కూర్చున్నారా? నాకు ఇప్పటికీ తెలీదు. ఎందుకంటే అలా జరిగితే లాగులో ఏమీ కనపడదు, అంతా సవ్యంగా ఉన్నట్టే ఉంటుంది. తాళం ఉంది, నేను దాన్ని ఎవడి చేతికైనా ఇస్తున్నాను, అంతే తేడా.

నేనొక్కణ్ణే కాదు లెండి. 2012లో స్టాన్‌ఫోర్డ్, టెక్సస్ ఆస్టిన్ పరిశోధకులు బ్రౌజర్లు కాని సాఫ్టువేరులో ఈ పరీక్ష ఎలా జరుగుతోందో చూస్తే, అమెజాన్, పేపాల్ వ్యాపారులకిచ్చే లైబ్రరీల్లో కూడా తప్పులు దొరికాయి. జనాన్ని "ఎర్రతెర వస్తే నొక్కకండి" అని మనం హెచ్చరిస్తాం. వాళ్ళకి కనపడకుండా వెనకాల ఎర్రతెర చింపేసేది కూడా మనమే.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే తప్పవుతుంది. తాళం ఉంది కదా అని సైటు మంచిదని అర్థం కాదు. బ్యాంకు పేరులో ఒక్క అక్షరం మార్చి డొమైన్ కొన్న దొంగకి కూడా సర్టిఫికెట్ వస్తుంది, ఎందుకంటే ఆ డొమైన్ నిజంగా వాడిదే! అటెస్టేషన్ వేరు, కాండక్ట్ సర్టిఫికెట్ వేరు. జనం ఈ రెండూ కలిపేసుకుంటున్నారనే 2023 సెప్టెంబరులో క్రోమ్ ఆ తాళం బొమ్మనే తీసేసింది. తాళం ఉండటం మామూలైపోయింది, లేకపోతేనే చెప్పాలి అన్నది ఇప్పటి పద్ధతి. సర్టిఫికెట్ ఆయుష్షు కూడా తగ్గిస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో బ్రౌజర్లవాళ్ళూ, అథారిటీలూ కలిసి ఓటేసి, 2029 మార్చి నుంచి 47 రోజులకి మించకూడదని తీర్మానించారు. చేత్తో రెన్యూ చేసుకుందాం అనుకునే ఆఫీసులకి ముసళ్ళ పండగే.

మొన్న పండక్కి ఇంటికెళ్ళినప్పుడు ఇదంతా మా నాన్నగారికి అరుగు మీద కూర్చుని చెప్పాను. గణితం దగ్గర కాస్త కునుకు తీశారు కానీ, డిజినోటార్ కథ మాత్రం శ్రద్ధగా విన్నారు. చివర్లో అన్నారు, "స్టాంపు పోయిన సంగతి వెంటనే చెప్పలేదా వాళ్ళు? నేనైతే ఆ సాయంత్రమే పోలీసు స్టేషనుకి వెళ్ళేవాణ్ణి." కాసేపాగి, "అయినా ఆ ఇరాన్ అబ్బాయి మంచిపని చేశాడ్రా. నువ్వైతే నొక్కెయ్యమన్నావు" అన్నారు.

ఏం చెప్పను? తలొంచుకుని కాఫీ తాగాను. ఆఫీసుకి తిరిగొచ్చాక మాత్రం మా కోడంతా వెతికాను. వెరిఫై ఈక్వల్స్ ఫాల్స్ మరో మూడు చోట్ల ఉంది. తీసేశాను. రెండు పైపులైన్లు విరిగాయి, మేనేజరు మొహం చిట్లించాడు. విరగాల్సినవే విరిగాయని చెప్పాను. మీ కోడులో కూడా ఓసారి వెతికి చూడండి.